ఖాయమేనా?

హోర్తా రేవు ఆఫీసులో
మూడో కిటికీ పక్క బల్ల నాది.
పడవల వాళ్ళకి బిల్లులు పంపుతాను:
నీళ్ళకింత, కరెంటుకింత, కట్టేసుకున్న రాత్రులకింత.

మధ్యలో ఎప్పుడైనా
ఎర్మెలిందాకు ఉత్తరం మొదలెడతాను.
"నీ పచ్చ గొడుగు ఇంకా ఇక్కడే..."
ఎప్పుడూ గొడుగు దగ్గరే ఆగిపోతుంది.
రెండో మూడో రోజులు చిత్తుల్లో నానబెట్టి
కొట్టేస్తాను.

కొట్టేస్తే ఊరుకుంటుందా!
తెర నడిమధ్య తెల్ల పలకొకటి లేచి
కళ్ళద్దాల మీంచి చూసే గుమాస్తాలా
"పారేయమంటారా? ఖాయమేనా?"
ఖాయమే, ఎంటర్.
ఏ రోజుకారోజు ఖాయమే.

రెండో కిటికీ బల్ల ఎర్మెలిందాది.
"పికోలో పని దొరికింది, వెళ్ళిపోతా" అంది.
"సరే" అన్నాను, బిల్లు మీంచి తలెత్తకుండా.
ఆ సరేకి ముందు ఏ పలకా లేవలేదు.
పెదవి దాటింది,
దాటి అరగంట సముద్రం కూడా దాటింది.
కిటికీలోంచి కనబడే దీవే.
ఏడేళ్ళు.

మొన్న గురువారం విసుగెత్తి
సెట్టింగుల్లోకి వెళ్ళాను.
"పారేసే ముందు అడగాలి"
పక్కన చిన్న టిక్కు. తీసేశాను.
అది తీసేటప్పుడు మాత్రం
ఖాయమేనా అని ఎవరూ అడగలేదు.

మొదటి పూట హాయిగానే ఉంది.
నాలుగు చిత్తులు నాలుగు తుమ్ముల్లా పోయాయి.

ఐదోదానికి వేలు తడబడింది.
పారెయ్, ఎంటర్. పారెయ్, ఎంటర్.
ఏడేళ్ళ అలవాటు దానిది,
టిక్కు తీసేసిన సంగతి దానికెవరు చెప్పారు?
తలుపు ఊడదీసిన గుమ్మాన్ని
తోయబోయిన చెయ్యిలా
ఎంటర్ ముందుకు తూలింది.
కింద ఉన్న ఉత్తరం తెరుచుకుంది.

తేదీ చూశాను. ఆమె వెళ్ళిన మర్నాడు.
"గొడుగు మర్చిపోయావు.
శనివారం సాయంత్రం పడవకి నేనే తెస్తాను.
నిన్న సరే అన్నది
సరే అని కాదు."

ఇదొక్కటి ఎలా మిగిలింది?
అంటే ఎప్పుడో ఒకసారి
ఆ పలక అడిగినప్పుడు
కాదు అన్నానన్నమాట.
గుర్తు లేదు.

ఐదుంపావుకి పడవ ఉంది.
పికో మీద మబ్బు తునకైనా లేదు.
ఇంత ఎండలో గొడుగేమిటని
టికెట్ల కుర్రాడు ఒస్వాల్దో నవ్వుతాడు.

నవ్వనీ.
బల్ల కింద, పాత రసీదుల పెట్టె వెనక
మోకాళ్ళ మీద కూచుని
దాని పిడి కోసం తడుముతున్నాను.