రెండు నిమిషాలు

ఈతలో నాకు వంక పెట్టలేరు.
పదిహేడేళ్ళుగా లాకు తలుపులకి అడ్డంపడ్డ గుర్రపుడెక్కని
గొంతులోతు నీళ్ళలో దిగి లాగిన లష్కర్ని.
కాకినాడ పోటీలో
సముద్రంలోంచి నాలుగోవాణ్ణి లేచాను.
ఒడ్డెక్కాక
అరవైమూడు మంది దాటిపోయారు నన్ను,
కొందరు పలకరించి మరీ.

మా ఏఈ నస్రీన్ గారు తన పాత వాచీ నా చేతికిచ్చి
"నీళ్ళు మీకొచ్చు పోతురాజు గారూ,
ఇక నేల నేర్చుకోండి" అన్నారు.

నేల నేర్చుకోవడమంటే
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఇంకా చీకటిని చిలుకుతుండగా
రెండు కరెంటు స్తంభాల దూరం ఉరకడం,
ఒక స్తంభం నడవడం,
మళ్ళీ రెండు.
అలా పన్నెండు సార్లు.
తొమ్మిదోసారికి ఎక్కడున్నానో
వెంటబడిన కుక్కకి తెలుసు, నాకు తెలీదు.

మిగతా రోజులు నెమ్మది.
గుండె నూట ముప్పై దాటకూడదట.
అంత నెమ్మదిగా పరిగెడుతుంటే
పాలకేను మోసుకెళ్ళే మంగాయమ్మ నన్ను దాటి,
వెనక్కి చూసి,
జాలిపడి కాస్త తగ్గింది.

కొండల్లేవు మాకు.
సాయంత్రం నరసాపురం వైపు తొక్కితే
ఎదురొచ్చే పైరగాలే కొండ,
శిఖరం లేని కొండ.
నిజంగా ఎక్కాలంటే చించినాడ వంతెనొక్కటే.
ఎక్కి, దిగి, తిరిగి ఎక్కి.
ఆరోసారి,
కొబ్బరిలారీకి టైరు మార్చుకుంటున్న మనిషి నన్నాపాడు:
"ఏం పారేసుకున్నారండీ? ఇందాకట్నించీ ఎతుకుతున్నారు."
"రెండు నిమిషాలండీ."
అతను నిజంగానే వంగి రోడ్డంతా చూశాడు.

పాలకొల్లులో సైకిలు షాపు ఏసుపాదం
చక్రం పుల్లలు ఒక్కొక్కటే మీటి చెవొగ్గి వింటాడు.
"వేగం కొత్తగా పెట్టడానికి ఇదేవన్నా ఇంజనా?
ఎక్కడ రాసుకుంటందో చూసి తీసెయ్యాలంతే."
బ్రేకు గోరంత జరిపి పది రూపాయలు తీసుకున్నాడు.
ఆ వారమంతా వెతుక్కున్నాను,
ఎక్కడ రాసుకుంటోందని:
బిగుసుకున్న భుజాల్లో,
కరిచిపట్టిన పళ్ళలో,
ఆ అరవైమూడు మందిలో.

కాలువలు కట్టేసిన వేసవిలో
కాలువ అడుగునే పరిగెత్తాను.
నేను ఈదిన చోట
పగిలిన నెరలు, ఒంటి చెప్పులు,
మట్టి కరిగి గడ్డిగా మిగిలిన వినాయకుడి చెయ్యి.
ఇంత తక్కువ లోతులోనా
ఇన్నాళ్ళూ గొప్పలు పోయింది!

అన్నిటికన్నా కష్టం
సైకిలు దిగి పరుగందుకునే ఆ మొదటి నిమిషం.
కాళ్ళింకా తొక్కుతూనే ఉంటాయి
లేని పెడళ్ళని.
పడవ దిగినవాడికి రేవు ఊగినట్టు
తారురోడ్డు ఊగుతుంది.
నస్రీన్ గారు చెప్పకముందే తట్టింది నాకిది, నా ఉద్యోగంలోంచి:
తలగట్టు రైతులు నీళ్ళన్నీ పెట్టేసుకుంటే
శివారు చేలు ఎండుతాయి.
ముప్పై ఏళ్ళ తగువులు చూసి కూడా
నా తొడల్లో నేను
తలుపులు బార్లా తెరిచి తొక్కేవాణ్ణి.
ఇప్పుడు సగం చుట్టు బిగిస్తాను.
చివరి మైలుకి తడి మిగులుతోంది.
ఎప్పుడూ కాదు. నిన్న మిగల్లేదు.

ఇవాళ వంతెన మీద అదే లారీ, అదే మనిషి.
తల బయటపెట్టి అరిచాడు:
"దొరికిందాండీ?"
"నలభై సెకన్లు!"
"మిగతాది అవతలొడ్డున పడుంటదిలెండి"
అంటూ రాజోలు వైపు పోయాడు.

ఆరు గంటలు.
లాకు దగ్గర సైకిలు ఆనించి
చెమటచేత్తోనే గేజీ చదివాను:
నాలుగడుగుల మూడంగుళాలు.
నీళ్ళు తాపీగా పోతున్నాయి
శివారుకి.