ఏ వేగంలో?

తిరుపతి డిపోలో ముప్పై ఒక్క ఏడు
బస్సులు తాగిన డీజిలు లెక్క రాసినవాణ్ణి.
నాకు డ్రైవర్ల ముఖాలు గుర్తుండవు,
దశాంశాలు గుర్తుంటాయి.
నాలుగు పాయింట్ ఒకటి అంటే చెంగల్రాయుడు.

ఆ చెంగల్రాయుడే
రిటైరైన డబ్బుల్లో సగం పెట్టి
చెన్నై వేలంలో ఓ మోటారు పడవ కొన్నాడు.
పద్దెనిమిది అడుగులది, పాత ఫైబరు,
ముందర ఇద్దరు కాళ్లు ముడుచుకుని పడుకునే గూడు,
వెనక అరవై గుర్రాల ఇంజను.
రేణిగుంట రోడ్డులో టైర్ల షెడ్డు వెనక
ట్రైలరు మీద అది నిలబడి ఉంటే
గొర్రెలు కూడా ఆగి చూసినాయి.
"కొండ కింద ఊర్లో పడవేంది సామీ?"
అడిగినాడు టీ కొట్టు ఏకాంబరం.
"నీళ్లు దీని కాడికి రావు గదా,
అందుకే చక్రాలు."

తెల్లారుజామున మూడుకు బయల్దేరాం.
జీపు వెనక పడవ, పడవ వెనక ఎర్ర గుడ్డ.
శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ.
అలవాటు చావక నోటుపుస్తకం తీశాను:
వట్టి జీపు లీటరుకు పన్నెండు,
పడవను లాగితే ఏడున్నర.
నీళ్లను తాకకముందే
తాగడం మొదలుపెట్టింది మహాతల్లి.

పులికాట్ మీద అప్పుడే పొద్దు పొడుస్తోంది.
మొదట నిదానం, గంటకు ఎనిమిది కిలోమీటర్లు.
కండక్టరు నడిచొస్తే కాళ్లు ముడుచుకునే జనంలా
నీళ్లు పక్కకు జరిగి,
మేం దాటగానే మళ్లీ చాపుకున్నాయి.
లీటరుకు మూడు పైన. రాశాను.

అతను లీవరు రవ్వంత నెట్టాడు.
పదిహేను.
ముక్కు పైకి లేచింది, వెనక కూలబడింది,
ఎదుట ఆకాశం తప్ప ఏమీ లేదు.
తాను లేపిన అలనే తాను
ఘాట్ రోడ్డులా ఎక్కుతా ఉంది పడవ.
ఎంత ఎక్కినా
ఆ గట్టు దానితోనే వస్తా ఉంది.
లీటరుకు ఒకటీ, పైన పదిహేను పైసలు.

"తగ్గించబ్బా" అన్నాను.
తగ్గించలేదు. పెంచనూ లేదు.
పది నిమిషాలు అక్కడే పట్టుకున్నాడు.
"గుర్తుందా సార్, ఇది నా తిరుచానూరు రూటు.
పరిగెత్తనీరు, నిలవనీరు."
గొంతులో కోపం లేదు.
ఉంటే బాగుండేది.

ఆ మెమో టైపు చేసింది నేనే.
టార్గెట్టు నాలుగు పాయింట్ ఎనిమిది,
సాధించింది నాలుగు పాయింట్ ఒకటి,
ఇంక్రిమెంటు ఆరు నెలలు వాయిదా.
అదే నెల హైదరాబాదు రాత్రి సర్వీసు డ్రైవరుకు
పొదుపు బహుమతి కింద స్టీలు ఫ్లాస్కు ఇచ్చాం,
ఫోటోలో నేనూ ఉన్నాను, నవ్వుతూ.

అప్పుడు నెట్టాడు లీవరు.
పడవ ఒక్క ఊపున గట్టు దాటి
ముక్కు దించి నీళ్లమీద కూర్చుంది.
ముప్పై రెండు! లీటరుకు దాదాపు రెండు.
వేగం రెట్టింపైతే దాహం తగ్గడం
నా గడుల్లో ఎక్కడా పట్టని సంగతి.
నలభై ఐదు దాటించి చూశాం, మళ్లీ తాగింది.
అదీ రాశాను. చేతులు వణికి అంకె వంకర పోయింది.

ఇంజను ఆపి వడలు తింటుంటే
గెడకర్రతో నాటు పడవ తోసుకుంటూ ఓ ఆడమనిషి,
బుట్టలో నాలుగు రొయ్యలు, తలకు తువ్వాలు.
"లీటరుకు ఎంతిస్తాదన్నా?"
చెంగల్రాయుడు నావైపు చూశాడు,
లెక్కలాయన ఈయనే అన్నట్టు.
నాకు మాట రావడానికి కొంత సేపు పట్టింది.
"ఏ వేగంలో అమ్మా?"
ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఎవర్నీ అడగని మాట.
ఆమెకు నవ్వొచ్చింది.
"మాదైతే చద్దన్నం మీద మద్యానం దాకా పోతాది"
అని గెడ దించి తోసుకుపోయింది.

తిరుగు దారిలో ఏర్పేడు దగ్గర
ఇసుక లారీల వెనక చిక్కుకున్నాం.
పడవ అడుగు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.
లీటరుకు ఆరు పాయింట్ ఎనిమిది, రాశాను.
పక్కన ఎప్పుడూ ఖాళీగా వదిలే గడిలో
లారీలు, అని రాశాను.
ఎన్ని లారీలో కూడా.