రిజిస్టర్లో ఒక కొట్టివేత

"సరదాకి జరిగిన చిన్న గొడవ. రాజీ అయినది."
రాసింది నేనే.
నీలం సిరా, గుండ్రటి అక్షరాలు.
పటమట బడిలో నా దస్తూరికి పేరుంది.

నలుగురు ఎనిమిదో తరగతి పిల్లలు
నీళ్ల ట్యాంకు వెనక
సుబిన్ కనురెప్పల్ని పైకి లాగి
ప్యాకింగ్ టేపుతో నుదుటికి అంటించారు.
"ఇప్పుడు కనపడుతోందారా బెజవాడ?"
టేపు వాడే పీక్కున్నాడు.
ఎడమ కనుబొమ్మ సగం దానితో వచ్చింది.

హెడ్మిస్ట్రెస్ గారు ఫ్యాను వేగం పెంచారు.
"అడ్మిషన్ల సీజను మాస్టారూ,
చేతులు కలిపించి పంపెయ్యండి."
కలిపించాను.
ఐదుగురి చేతులూ చెమటగానే ఉన్నాయి,
ఎవరి చెమట ఎందుకో నేనడగలేదు.

వాళ్ల నాన్న డ్యూటీ దిగి అట్నుంచటే వచ్చాడు,
మెడలో విజిల్.
కర్ర గుమ్మం బయట ఆనించి
కుర్చీ చూపించినా నిలబడే ఉన్నాడు.
మా వీధి కాపలా కూడా అతనే. రాత్రి రెండింటికి
ఆ విజిల్ విని నేను అటు తిరిగి పడుకుంటాను.

సంతకం ఎక్కడ అన్నట్టు వేలు చూపించాడు.
తెలుగు చదవలేడు. కొడుకు చదివి చెప్పాలి.
సుబిన్ చదివాడు. తడబాటు లేదు,
నా దగ్గర నేర్చుకున్న తెలుగు మరి.
గొడవకి వాళ్ల మాట దొరికింది.
రాజీ వాళ్లకీ రాజీయేనట.
"సార్,
సరదాకి అంటే నాన్నకి ఏమని చెప్పాలి?"

జూన్ గుర్తొచ్చింది.
మొదటి హాజరు. సుబిన్ ఘర్తీమగర్.
"మగర్ అంటే హిందీలో మొసలి కదరా!
పక్కన కూర్చున్నవాడు జాగ్రత్త" అన్నాను.
క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు.
తర్వాత ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.
'నేపాల్' అనేవాణ్ణి,
'ప్రెజెంట్ సార్' అనేవాడు.
టేపు కొన్నది వాళ్లే కానీ
దాని కొస గోటితో లేపి ఇచ్చింది నేను.

పెన్ను తీశాను.
"వైటెనర్ ఉంది" అన్నారు మేడం.
వద్దన్నాను. కొట్టివేత కనపడాలి.
కింద రాశాను, ఎక్కడ, ఎన్ని గంటలకి, ఏ మాటలన్నారు,
నలుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా.
అందులో ఒకడు కరస్పాండెంటు గారి మనవడు,
అక్కడ నా దస్తూరి కాస్త వంకర పోయింది.
అన్నిటికన్నా పైన, జూన్ నెల వేసి, నా పేరు.

ఆ నలుగురికీ గోడకుర్చీ వెయ్యను, టీసీ ఇమ్మనను.
వాళ్ల అమ్మానాన్నల ఎదుట
ఈ పేజీ గట్టిగా చదవమంటాను,
తల వంచుకుని కాదు, వినపడేట్టు.
ఆ తర్వాత ఏమిటో నాకూ పూర్తిగా తెలీదు.
సుబిన్ని మాత్రం క్షమించమని అడగను.
ఇంకోసారి ఆ చెయ్యి పట్టుకుని
ఇంకో చేతిలో పెట్టను.

రాత్రి రెండు. విజిల్.
లేచి కూర్చున్నాను.
ఇరవై రెండేళ్లుగా నల్లబల్ల మీద 'ఘ' రాస్తున్నవాణ్ణి,
అద్దం ముందు, ఇంట్లోవాళ్లు లేవకుండా,
ఘర్తీమగర్
ఘర్తీమగర్

రెండోసారికే వచ్చేసింది.
అంత తేలిక.