తాళం – ఒకటి

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక అని
రేడియో చెప్పేసరికే
మా తాటిమేర లంకలో దింపు తీసిన కొబ్బరికాయలు
ఒక్కొక్కటే సముద్రం వైపు బయల్దేరాయి.
అప్పుడు నేను ఆ లంకకి వీఆర్వోని.
బడి మేడ మీద, గొడుగు కింద,
పుస్తకం చంకలో పెట్టుకుని
పైనుంచి ఆర్డరు కోసం చూస్తున్నాను.

పెంటయ్య సంగతి చెప్పాలి మీకు.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
పెంటమీద పడుకోబెట్టి
గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కున్న బిడ్డ.
ఊళ్ళో ఏది పోయినా ముందు వాడింటికే వెళ్ళేవారు.
ముప్పాతిక సార్లు అక్కడే దొరికేది:
మోటారు బెల్టు, రొయ్యల మేత బస్తా,
ఒకసారి పెళ్ళివారి గాడిపొయ్యి మీంచి
గుండిగతో సహా పప్పు.

ఆ రాత్రి రెండో జాముకి వశిష్ఠ వీధిలోకొచ్చింది.
గడపలెక్కి, మంచాల కింద చెప్పులు వెతికింది.

రేవులో సర్కారు పడవకి గొలుసు.
గొలుసుకి తాళం.
తాళంచెవి నా చొక్కా జేబులో.
ఈ ముక్క ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ
ఇరవై రెండేళ్ళు పట్టింది.
అంతకుముందు వరదకి
ఆర్డరు లేకుండా పడవ విప్పినవాడు
ఆర్నెల్లు జీతం లేక తిరిగాడు.
మంచి కారణమే.
కారణాలెప్పుడూ మంచివే.

చీకట్లో సుత్తి చప్పుడు.
నాలుగు దెబ్బలు. ఐదోది అవసరం పడలేదు.
తర్వాత గెడ నీళ్ళలో దిగిన చప్పుడు.

తెల్లారేసరికి పదకొండు ట్రిప్పులు.
నలభై ముగ్గురు మనుషులు, రెండు దూడలు.
కిందటేడు తనని కొబ్బరిచెట్టుకి కట్టించిన
చెరువుల ఆసామిని వీపు మీద మోసుకొచ్చి
"జాగర్త బాబయ్యా, మెట్లు పాకుడు పట్టున్నాయి" అన్నాడు.

చివరి ట్రిప్పులో అచ్చియ్యమ్మ.
ఆవిడ్ని మెట్ల మీద దింపి, వెనక్కి వెళ్ళి
ఆవిడ అటక మీది ఇత్తడి బిందె
వెండి కుంకుమభరిణె ఎత్తుకుపోయాడు.

వరద తీశాక నా బల్ల మీద రెండు కాగితాలు.
కలెక్టరాఫీసుది: ప్రాణాలు కాపాడినవారి పేరు.
స్టేషనుది: అనుమానితుడి పేరు.
రెండూ ఒకే సిరాతో నింపాను.
చెయ్యి రెండోసారి ఎందుకో వణికింది.

పిలిపించి అడిగాను.
"అంతమందిని ఎందుకు కాపాడావురా?"
"ఆయ్, ఎదురుగా ఉన్నారు కదండి."
"మరి బిందె?"
కాసేపు కాలిగోళ్ళలో బురద చూసుకున్నాడు.
"అదీ ఎదురుగానే ఉందండి."

దేవుడన్నవాళ్ళు బిందె మాట ఎత్తొద్దన్నారు.
దొంగన్నవాళ్ళు
పడవ విప్పిందే దోచుకోడానికన్నారు.
ఊరందరికీ ఒకే పెంటయ్య కావాలి,
ఎవరి పెంటయ్య వాళ్ళకి.

అచ్చియ్యమ్మ ఒక్కతే
రెండు కాగితాల మీదా వేలిముద్ర వేసింది.
"భుజమ్మీద ఎత్తుకొచ్చాడు, రాయి.
బిందె ఎత్తుకెళ్ళాడు, అదీ రాయి.
ఒకదాంతో ఒకటి చెరపమాకు బాబూ.
నా బిందె నాకు రావాలి."
వెళ్తూ వెళ్తూ, వరద పొట్లాల్లోంచి మిగిల్చిన పులిహోర
స్టేషనులో వాడికిమ్మని నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం సర్కారు సామాను లెక్క రాశాను.
పడవ ఉంది. గొలుసు ఉంది.
తాళం – ఒకటి – వరదలో కొట్టుకుపోయినది.
ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం.
వాడి మీద ఇంకో కేసు పడకూడదనా?
చెవి ఎవరి జేబులో ఉందని
ఎవరూ అడక్కూడదనా?

నన్నెవరూ పిలిపించలేదు.
పిలిపించి అడిగుంటే
కాసేపు కాలిగోళ్ళు చూసుకుందామన్నా
నాకు బురద అంటలేదు.