అడుగు నుంచి

కుట్లు విప్పిన మూడోరోజు
అత్తమ్మ పొట్ట మీది గీత మళ్ళీ తెరుచుకుంది.
ఈసారి కుట్టరట.
"పైన మూసుకుపోతే మురిసిపోకండి,
అడుగు నుంచి పూడుతూ రావాలి,"
కీల్పాక్ ఆసుపత్రిలో సిస్టర్ ఫ్లోరా
తమిళంలో రెండుసార్లు చెప్పింది.
రోజుకు రెండు కట్లు. ఇంట్లోనే.
ఎవరు కడతారంటే
ఇంద్రాణి నావైపు చూసింది.
నెత్తురు చూస్తే తను పడిపోతుంది.
అత్తమ్మ గోడవైపు చూసింది.

పన్నెండేళ్ళుగా
నా ఎదుట కుర్చీలో కూర్చోని మనిషి.
నేను గుమ్మం తొక్కితే
కొంగు భుజం మీదికి వచ్చేది,
మాట తలుపు చాటు నుంచి వచ్చేది.
"అల్లుడుగారికి మజ్జిగ పొయ్యవే."

ఇప్పుడు కొరట్టూరులో, రెండో అంతస్తులో,
గొంతు దాకా ఒక దుప్పటి
నడుం కింద ఒక దుప్పటి
మధ్యలో జానెడు చోటు నాకు వదిలి
ముఖం అటు తిప్పేసుకుంది.

నేను అంబత్తూరులో లేత్ పనివాణ్ణి.
వెంట్రుకలో పదోవంతు తేడా వచ్చినా
ముక్క పక్కకు విసిరేస్తాం.
ఇక్కడ విసిరేసేదేం లేదు.
మోచేతుల దాకా కడిగినా
వేలిగీతల్లో నూనె నలుపు పోదు,
దానిమీద గ్లవ్స్.
పాలకు వాడని గిన్నెలో కత్తెర మరుగుతుంది.
పాత గుడ్డ అంటుకుంటే లాగకూడదు.
సెలైన్ పోసి ఊరనివ్వాలి,
అది ఊరేదాకా నేనూ ఊరుకోవాలి.

"నొప్పిగా ఉందా?"
"లేదండీ," గోడకే చెప్పేది.
కాలి బొటనవేలు మాత్రం
ముడుచుకుని నిజం చెప్పేది.

బియ్యం కొట్టువాళ్ళ క్యాలెండరులో
పుల్లకు దూది చుట్టి కొలిచిన లోతు:
నాలుగు సెంటీమీటర్లు.
నాలుగు.
నాలుగు.
నాలుగుంబావు.
ఆ రోజు నేను క్యారేజీ విప్పలేదు.
వాసన మారింది, అడుగున పసుపు చేరింది,
షుగరు రెండువందల నలభై.
దిండు కింద వేరుశనగ పట్టీ కాగితాలు, మూడు.
అమ్మమ్మకు అంగడి నుంచి మోసుకొచ్చింది
మా మూడో తరగతివాడు.
ఇంద్రాణి ఇద్దర్నీ ఒకే గొంతుతో తిట్టింది,
ఇద్దరూ ఒకేలా తలదించుకున్నారు.

లేత్ మీద అంకె తగ్గితే అది నా పనితనం.
దీని దగ్గర
తడిపి, నింపి, కప్పి
తప్పుకోవడమే నా వంతు.

నవంబరు వాన. కరెంటు పోయింది.
ఇంద్రాణి కళ్ళు గట్టిగా మూసుకుని
సెల్లు లైటు పట్టింది,
వెలుగంతా పైన ఆగిపోయిన ఫ్యాను మీద.
"ఏందే, కట్టు ఫ్యానుకా నాకా?"
అని అత్తమ్మ నవ్వేసింది,
నవ్వు కడుపును లాగితే
"అబ్బా!" అంది,
తొలిసారి, నాకు వినబడేట్టు.
ఆ వెంటనే,
"నీ చేతులు ఐసుగడ్డల మాదిరి ఉండాయి,
రుద్దుకో అబ్బోడా."
నువ్వు అన్న సంగతి
తనకు తెలిసినట్టు లేదు.
నేను రుద్దుకున్నాను.

ఆ తర్వాత ముఖం గోడవైపు లేదు,
పైకప్పు వైపు.
నగరిలో మరమగ్గాల షెడ్డు,
ఇరవై ఏళ్ళ చప్పుడు,
ఎడమచెవి ఎట్లా మొద్దుబారిందో,
మేస్త్రీ ఎంత కోత కోసేవాడో,
కట్టు కట్టే పదిహేను నిమిషాలూ అవే.
"పోగు తెగితే మగ్గం ఆపి ముడెయ్యాల.
దీనికి ముడెయ్యను ల్యా.
దానంతట అదే నేసుకోవాల,
మనం ఎంత తొందరపడినా."

నిన్న నలభై ఆరో రోజు.
ఒకటిన్నర.
అడుగున పసుపు పోయి
నానిన మైసూరుపప్పులా ఎర్రగా, గింజగింజగా.
సిస్టర్ చెప్పిన రంగు ఇదే అనుకుంటా,
బుధవారం చూపించాలి.
అత్తమ్మ అద్దం తెమ్మంది.
వాడి చేతిలోంచి తీసుకుని
పొట్ట మీదికి వంచి చాలాసేపు చూసుకుంది.
"ఇంతేనా" అందో
"ఇంతా" అందో,
టేపు చింపుతున్నాను,
సరిగ్గా వినపడలేదు.