వెంట్రుకవాసి

బేతంచెర్ల నుంచి మద్దిలేటి పంపిన ఫైలు
రాత్రి పదకొండుకు తెరిచాను.
గాజు పలక మీద క్రోమియం గీతలు ఉండాలి,
మూడు అడ్డం, మూడు నిలువు,
పక్కనే వాటికంటే చిన్నవి, ఆ పక్కన ఇంకా చిన్నవి.
నమూనా కాగితం చూసిన రోజే నవ్వాడతను:
"అడ్డనామాలూ నిలువునామాలూ ఒకే పలక మీదనా సారూ,
కొట్లాడుకోవూ?"

కొట్లాడుకోలేదు.
అసలు కనిపించనే లేదు.
తెర మీద వెనక్కి జరిగాను, ఇంకా వెనక్కి,
అప్పుడు తెలిసింది
ఒక్కో గీత బుధవారపేటలో నా గది గోడంత ఉందని.
మద్దిలేటి బండలు కోసే మిషనుకు డిజైన్లు గీసేవాడు,
అతనికి ఒకటి అంటే ఒక అడుగు.
నాకు ఒకటి అంటే మిల్లీమీటరు,
అది కూడా ఎక్కువై వెయ్యి ముక్కలు చేసుకుంటాను.
మూడువందల నాలుగూ చిల్లరతో భాగించాక
నామాలు నుదుటికి సరిపడేంతకు దిగొచ్చాయి.

దీపం పెట్టాను.
పది లక్షల కిరణాలు వదిలాను.
ఫ్యాను గాలి వేడిగా తగులుతోంది,
కింద టైర్ల కొట్టు షట్టరు ఎవరో దించుతున్నారు.
నల్లగా ఉండాల్సిన గీతల్లోంచి
వెలుతురు కారుతోంది,
పాత రేకుల కప్పులోంచి వాన కారినట్టు.
ఇన్ని నామాలు గీయించుకుని
చివరికి నాకే నామం పెట్టిందీ సాఫ్ట్‌వేరు.

రెండింటి దాకా కూర్చుంటే కారణం దొరికింది.
గాజు ఎక్కడ ముగిసిందో
క్రోమియం సరిగ్గా అక్కడే మొదలైంది.
ఇద్దరు రైతులకు ఒకటే గట్టు.
వచ్చిన కిరణం గట్టు మీద నిలబడి
ఇది ఎవరి చేను అని అడుగుతుంది.
చెప్పేవాడు లేడు.
కొన్ని ఇటు దిగాయి, కొన్ని అటు దిగాయి,
కొన్ని అక్కడే చచ్చిపోయాయి.

పొద్దున ఫోను చేస్తే మద్దిలేటి ఉగ్గాని తింటున్నాడు.
నమిలేదాకా ఆగి అన్నాడు:
"రాయికి రాయి ముట్టించి పరిస్తే ఎండకు లేస్తాయి సారూ.
మేము సందు ఇడుస్తాం."

సందు ఇడిచాను.
వెంట్రుకలో వెయ్యో వంతు.
నిజం పలకలో అది ఉండదు,
ఈ ఒక్క అబద్ధం ఆడాక
కిరణాలు తిన్నగా నడిచాయి.
పెద్ద గీతలు కత్తితో కోసినట్టు వచ్చాయి,
తర్వాతివి కొంచెం మెత్తబడ్డాయి,
ఆరో వరుసలో మూడూ కలిసి ఒక బూడిద మరక.
అక్కడికి నా లెన్సు చూపు సరి.

ఈ లెన్సు వెళ్లి కూర్చోబోయేది
మద్దిలేటి ఫ్యాక్టరీ బెల్టు పైన.
కదిలిపోయే బండల్లో నెర్రె పట్టుకోవాలి.
ఇప్పుడా పని హుసేనమ్మ చేస్తుంది.
తడిగుడ్డతో బండ తుడిచి, చంక కింద గుడ్డ ఇరికించుకుని
ఆరేదాకా చూస్తుంది.
బండంతా ఆరినా ఒక గీత మాత్రం ఆరదు.
సుద్దముక్కతో దాని మీద అడ్డంగా ఒక గుర్తు, అంతే.
ఇరవై రెండేళ్లుగా.

పార్శిల్లో అసలు పలక వచ్చింది.
దూదిలో చుట్టి పొద్దున బస్సుకు తీసుకెళ్లాను.
హుసేనమ్మ చేతులు చీరకు తుడుచుకుని
అంచులు పట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే అంచులు.
ఎన్ని వరుసలు కనిపిస్తాయో అడుగుదామనుకున్నాను.
ఆమె గీతల వంక చూడనే లేదు.
పలకను ఎండకు వంచింది, ఇంకొంచెం వంచింది,
"ఈడ గీరు పడిండాది," అంది.

చూశాను. ఏమీ లేదు.
కళ్లజోడు తీసి చూశాను.
నామాలకు పక్కగా, ఖాళీ గాజు మీద,
ఎండ తగిలినప్పుడు మాత్రమే, ఒక సన్నని పోగు.

నా మోడల్లో అది లేదు.
మద్దిలేటి ఫోను తీసి ఫోటో కొట్టాడు,
ఫోటోలో పడలేదు.
"గీయమంటారా సారూ దీన్ని కూడా?" అన్నాడు,
"ఎంత పొడుగు పెట్టమంటారు?"
హుసేనమ్మ అప్పటికే తడిగుడ్డ పిండుకుంటూ
తర్వాతి బండ దగ్గరికి పోయింది.