రిమార్కుల గడి

వండలూరు జూలో జనన రిజిస్టరు రాసేది నేను.
నీలం అట్ట, ఎర్ర మార్జిను.
వానాకాలంలో పేజీలు అప్పడాల్లా మెత్తబడతాయి.
తల్లి నంబరు, తండ్రి నంబరు, తేదీ, బరువు, ఆడా మగా.
చివర్లో వేలెడంత రిమార్కుల గడి.

మనుబోతు దూడ, నాలుగు తోడేలు కూనలు,
పేరు పెట్టకముందే లెక్కలోంచి జారిపోయిన పునుగుపిల్ల,
అందరూ నా చేతిరాతలోనే పుట్టారు.
పోయినవాళ్లకి ఎర్ర సిరా.
ఆఫీసువాళ్లు నల్ల పెన్నులే ఇస్తారు,
ఎర్రది నా డబ్బుతో కొనుక్కుంటాను.

సింగళీకం, ఆడది, నంబరు పదిహేడు.
ముఖం చుట్టూ నెరిసిన జూలు,
ఎవరిమీదో అలిగిన చిన్న తాతయ్యలా.
పడమటి కనుమల్లో దాని వాళ్లకి
ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి దూకాలంటే
మధ్యలో టీ తోట.
ఇది ఇక్కడే పుట్టింది, సీసా పాలతో పెరిగింది.
అడవి అంటే దానికి
సిమెంటు కొమ్మ, గొలుసుకి వేలాడే టైరు,
గోడ అవతల తాంబరం బస్సుల హారన్లు.

మగడు మైసూరు నుంచి లారీలో వచ్చాడు.
కాగితాల మీద అప్పు, రెండేళ్లలో తిరిగి ఇవ్వాలి.
"ఇల్లరికం అల్లుడమ్మా, కాస్త బెల్లం శాంక్షన్ చేయించండి"
అన్నాడు కీపరు యతిరాజులు.

మొదటి పిల్ల పుట్టినప్పుడు
అది భయపడింది.
తన ఒంట్లోంచి వచ్చిన తడి ముద్దని
నేలమీద పెట్టి దూరంగా వెళ్లి కూర్చుంది.
ఒకసారి వచ్చి వాసన చూసింది,
వేలితో తోసింది,
మళ్లీ వెళ్లిపోయింది.
ఎత్తుకోవడం దానికి ఎవరూ చూపించలేదు.
డాక్టరు వచ్చేసరికి సాయంత్రమైంది.
నేను ఎర్ర పెన్ను మూత తీశాను.
మూడు రోజులు యతిరాజులు నాతో మాట్లాడలేదు,
రాసింది నేనే కాబట్టి.

మరుసటేడు చిత్తిరై ఎండల్లో
ఊడ్చే పనికి పెంచలమ్మ వచ్చింది,
గూడూరు అవతల నుంచి, చంకలో నాలుగు నెలల బుడ్డోడితో.
ఆ బోను ముందరే కాస్త నీడ, సగం విరిగిన బెంచీ.
రెండింటికి చీపురు పక్కన పడేసి
అక్కడ కూర్చుని పాలిచ్చేది.
అటు తిరిగితే జనం. ఇటు తిరిగితే కోతి.
కోతివైపే తిరిగేది.

పదిహేడు కమ్మీల దగ్గరికి వచ్చేది.
వేరుశనక్కాయల కోసమనుకున్నాం.
కాదు.
తల కింద మోచెయ్యి ఎలా మడుస్తుందో,
పొలమారితే వీపు ఎక్కడ నిమురుతుందో,
కన్నార్పకుండా చూసేది.
"నా బిడ్డకి దిష్టి తగిలేట్టుంది" అని
పెంచలమ్మ ఒకరోజు గుప్పెడు మట్టి తీసి దిగదుడిచింది.
తర్వాత్తర్వాత కొంగు అడ్డం పెట్టడం మానేసింది.
"ఆడదేగా, చూడనీ."

ఐప్పసి నెల, తుఫాను ముందరి రాత్రి. కరెంటు లేదు.
యతిరాజులు టార్చి వెలుగు గోడమీదికి కొట్టాడు,
దాని కళ్లల్లో పడకుండా.
రెండో పిల్ల.
అది పిల్లని నేలమీద పెట్టింది.
చాలాసేపు చూసింది.
మేము గాలి పీల్చడం మర్చిపోయాం.

మోచెయ్యి మడిచింది.

మొదట తలకిందులుగా ఎత్తుకుంది.
పిల్ల కీచుమంది.
తిప్పి పట్టుకుంది.

"పదండమ్మా, మనకిక్కడేం పని"
అని యతిరాజులు టార్చి ఆర్పేశాడు.
చీకట్లో ముక్కు చీదుకోవడం వినబడింది.

మర్నాడు రిజిస్టరు.
తల్లి పదిహేడు. తండ్రి అప్పు మీద వచ్చినవాడు.
బరువు: తూచనివ్వలేదు.
రిమార్కుల గడిలో "పెంచలమ్మ" అని రాశాను.

ఇదేమిటన్నాడు సూపరింటెండెంటు.
వయసొచ్చింది, రెండో కాన్పు, అంతేనన్నాడు డాక్టరు.
కావచ్చు.
కొట్టేయమన్నారు.
ఒక్క గీతతోనే కొట్టేశాను, చదవడానికి వీలుగా.

చెబుదామంటే పెంచలమ్మ లేదు.
కాంట్రాక్టు మారింది,
మెట్రో పనుల్లో ఇసుక మోస్తోందని ఒకరు,
ఊరెళ్లిపోయిందని ఒకరు.

రెండింటికి ఆ బెంచీ మీద ఇప్పుడు ఎవరెవరో కూర్చుంటారు.
పిల్లకి పాలిస్తూ పదిహేడు కమ్మీల దాకా వస్తుంది,
ముఖాలు ఒక్కొక్కటే చూస్తుంది.
వాళ్లు ఫోన్లు పైకెత్తుతారు.
అప్పుడది నెమ్మదిగా
వీపు ఇటు తిప్పుకుంటుంది.